కుంఫిణీ నుంచి కంపెనీ దాకా: ఒక ఆంగ్ల పదం అర్థచరిత్ర

ఉపోద్ఘాతం

పందొమ్మిదో శతాబ్ది తెలుగు వచనాన్ని తరగతిలో చదివిస్తున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి ప్రేరణ. పాఠంలో 'కుంఫిణీవారు' అనే మాట వచ్చింది. "కుంఫిణీ ఎవరండీ?" అని ఆమె అడిగింది. ఈస్టిండియా కంపెనీని ఆనాటి తెలుగువారు అలా పిలిచేవారని చెప్పగానే సందేహం తీరిపోయింది. కాని ఆమె 'ఏమిటి' అనకుండా 'ఎవరు' అనడం నా మనసులో నిలిచిపోయింది. ఆ ప్రశ్నలో పొరపాటు లేదు. వాక్యంలోని 'వారు' అనే మాట, దాన్ని అనుసరించిన క్రియారూపం ఆమె చేత అలా అడిగించాయి. అదే పదానికి నేటి రూపమైన 'కంపెనీ' గురించి ఎవరూ 'ఎవరు' అని అడగరు.

ఆంగ్లంలో 'కంపెనీ' అతిసామాన్యమైన పదం. తోడు, సాంగత్యం, ఇంటికి వచ్చిన అతిథులు, వృత్తిసంఘం, వర్తకసంస్థ, సైనికదళం, నాటకబృందం, ఓడ సిబ్బంది అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. సందర్భాన్ని బట్టి అర్థం తేలుతుంది తప్ప రూపంలో మార్పు ఉండదు. తెలుగు ఈ పదాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు స్వీకరించింది. మొదటిసారి 'కుంఫిణీ'గా, రెండోసారి 'కంపెనీ'గా. ఆంగ్లం ఒకే రూపంలో ఇముడ్చుకొన్న అర్థాలను తెలుగు ఈ రెండు రూపాలకు పంచి ఇచ్చింది. ఈ పంపకం యాదృచ్ఛికం కాదనీ, తెలుగుదేశ చరిత్రలోని రెండు దశలు ఈ రెండు రూపాల్లో భద్రమై ఉన్నాయనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూలార్థం: కలిసి తినడం

ఈ పదానికి మూలం ఉత్తరకాలపు లాటిన్‌లోని 'కొంపానియో'. ఇందులో 'కొమ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు తోడువాడు. ఈ మాట ఆరో శతాబ్ది ప్రాంతపు ఫ్రాంకుల సాలిక్ న్యాయస్మృతిలో కనిపిస్తుంది. జర్మానిక్ భాషల్లోని ఒక పదానికి ఇది లాటిన్ అనుకరణ అని భాషాచరిత్రకారులు భావిస్తారు. గోథిక్‌లో తోడువాడిని చెప్పే 'గహ్లైబ' అనే పదంలో కూడా 'కలిసి', 'రొట్టె' అనే రెండు అంశాలే ఉన్నాయి. అంటే పుట్టుకలోనే ఇది ఒక భాష నుంచి మరో భాషకు భావం వలసపోగా ఏర్పడిన మాట. ప్రాచీన ఫ్రెంచిలో ఇది సమూహవాచకమై, నార్మన్ల విజయం తరువాతి కాలంలో, పదమూడో శతాబ్ది నాటికి ఆంగ్లంలో ప్రవేశించింది.

ఈ వ్యుత్పత్తి తెలుగువారికి అపరిచితంగా తోచదు. 'పొత్తు' అనే మన దేశ్యపదానికి కూడా స్నేహం, ఉమ్మడి వ్యవహారం అనే అర్థాలతోపాటు కలిసి భుజించడం అనే అర్థం ఉంది. పొత్తున కుడవడం అంటే కలిసి తినడం. నేడు రాజకీయ పక్షాల ఒప్పందానికి, వ్యవసాయంలో భాగస్వామ్యానికి వాడుతున్న పొత్తుకు కూడా వెనుక ఒక విస్తరి ఉంది. ఎవరితో కలిసి తినవచ్చు, ఎవరితో తినకూడదు అన్నది సంఘబంధానికి కొలమానమైన సమాజాల్లో ఇలాంటి పదాలు పుట్టడం సహజం. అయితే బందరు రేవులో దిగిన 'కంపెనీ'ని తెలుగువారు 'పొత్తు' అని అనువదించుకోలేదు. ఎందుకన్నది ముందు ముందు తేలుతుంది.

పద్నాలుగో శతాబ్ది చివర ఛాసర్ రచించిన 'కాంటర్‌బరీ కథల' ప్రవేశికలో ఇరవైతొమ్మిది మంది యాత్రికులు ఒక సత్రంలో కలుస్తారు. ఆ గుంపును కవి 'కంపెనీ' అనే అంటాడు. వారిని కలిపింది వ్యాపారం కాదు, దారి. ఆంగ్లంలో ఈ పదానికి నేటికీ నిలిచిన అతిప్రాచీనార్థం ఇదే. ఒకరికి తోడుండడం, తోడు విడిపోవడం, చెడు సావాసం చేయడం వంటి భావాలన్నీ ఆంగ్లంలో ఈ పదంతోనే వ్యక్తమవుతాయి.

సమూహం స్థిరపడిన కొద్దీ దానికి నియమాలు, నాయకుడు, ఉమ్మడి ఆస్తి ఏర్పడతాయి. లండన్ నగరంలోని వృత్తిసంఘాలు కంపెనీలైంది ఈ దారిలోనే. పట్టు, ఉన్ని తదితర వస్త్రాల వర్తకుల సంఘమైన మెర్సర్స్ కంపెనీకి 1394లో రాజపత్రం లభించింది. 1515లో నగరపాలకులు నలభై ఎనిమిది కంపెనీలకు అగ్రతాక్రమం నిర్ణయించినప్పుడు మొదటి స్థానం దానికే దక్కింది. ఒక కాప్టెన్ ఆధిపత్యంలోని సైనికదళం, ఓడలో పనిచేసే సిబ్బంది మొత్తం కూడా కంపెనీలే. షేక్‌స్పియర్ సభ్యుడుగా ఉన్న నాటకబృందం 1594లో ఏర్పడింది. అందులో ప్రధాన నటులు వాటాదారులు. ఖర్చునూ రాబడినీ పంచుకొనేవారు. రొట్టె పంచుకోవడం వాటా పంచుకోవడంగా మారిన దశ ఇది.

సంఘం నుంచి సంస్థకు

పదహారో శతాబ్దిలో ఇంగ్లండులో రెండు రకాల వర్తక కంపెనీలు ఉండేవి. మొదటి రకంలో సభ్యులు ఎవరి పెట్టుబడితో వారు వ్యాపారం చేస్తూ సంఘం నియమాలకు మాత్రం లోబడి ఉంటారు. రెండో రకంలో పెట్టుబడి ఉమ్మడిగా ఉంటుంది, లాభనష్టాలు వాటాల ప్రకారం పంచుకొంటారు. 1555లో రాజపత్రం పొందిన మస్కొవీ కంపెనీ రెండో రకానికి తొలి ఉదాహరణలలో ఒకటి. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన రాజపత్రంతో ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది.

దాని అధికారిక నామాన్ని తెలుగులో చెబితే 'ఈస్టిండీస్‌తో వర్తకం చేసే లండన్ వర్తకుల గవర్నరు, కంపెనీ' అని వస్తుంది. ఇక్కడ గవర్నరు నాయకుడు, కంపెనీ అంటే అతనితో కూడిన వర్తకుల సమూహం. పేరులోని ఆ మాట ఇంకా మనుషులనే సూచిస్తున్నది. తొలి ప్రయాణాలకు పెట్టుబడి విడివిడిగా పోగుచేసి, ఓడలు తిరిగి వచ్చాక లెక్కలు తీర్చుకొనేవారు. 1657లో శాశ్వతమైన ఉమ్మడి పెట్టుబడి ఏర్పడింది. అప్పటి నుంచి సభ్యులు మారినా, మరణించినా, వాటాలు అమ్ముకొన్నా కంపెనీ కొనసాగుతుంది. మనుషుల నుంచి విడివడి నిలిచే ఒక ఉనికి ఈ పదానికి బలపడింది.

ఆ విడిపోవడం చట్టంలో పూర్తి కావడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. బ్రిటన్‌లో 1844లో కంపెనీల నమోదుకు, 1855లో వాటాదారుల పరిమిత బాధ్యతకు చట్టాలు వచ్చాయి. 1896లో సాలమన్ అనే బూట్ల వ్యాపారి వ్యాజ్యంలో ప్రభువుల సభ ఇచ్చిన తీర్పు ఈ పరిణామానికి పరాకాష్ఠ. 20,007 వాటాలలో 20,001 సాలమన్‌వే. మిగిలిన ఆరూ అతని కుటుంబసభ్యులవి. అయినా కంపెనీ వేరు, సాలమన్ వేరు అని సభ నిర్ణయించింది. మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం ఏకవ్యక్తి కంపెనీని కూడా అనుమతించింది. కలిసి రొట్టె తినేవారని మొదలైన పదం చివరకు ఒక్కడే ఉన్నా చెల్లే స్థితికి వచ్చింది.

బందరు రేవులో

ఈ పదం తెలుగుదేశానికి వచ్చేనాటికి పై పరిణామం మధ్యదశలో ఉంది. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఆంగ్లేయులు మచిలీపట్నం చేరి అక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. డచ్చివారు అంతకు కొద్ది ఏళ్ల ముందే వచ్చి ఉన్నారు. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి ఆంగ్లేయులు పొందిన బంగారు ఫర్మానా వారి వర్తకానికి గట్టి పునాది. తీరంలోని నేతపల్లెల వస్త్రం వారికి ప్రధానమైన సరుకు. నరసాపురం సమీపంలోని మాధవాయపాలెం పేరు ఆంగ్లంలో 'మాడపోలం' అనే ఒక రకపు నూలుగుడ్డకు పేరుగా స్థిరపడింది. మాటల రాకపోకలు ఒకవైపే సాగలేదనడానికి ఇది సాక్ష్యం.

ఇక్కడ ఒక అంశం గమనించాలి. బందరులో దిగిన డచ్చి, ఆంగ్ల, ఫ్రెంచి వర్తకులు ముగ్గురూ కంపెనీల మనుషులే. కాని బందరు పరిసరాల్లో మిగిలిన స్థలనామాలు ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, ఫరాసుపేట. ఇవి జాతుల పేర్లు. కంపెనీ అనే మాట వాటిలో లేదు. పోటీదారులు పక్కపక్కనే ఉన్న రేవులో కంపెనీ అనేది ఎవరినీ వేరుచేసి చెప్పే గుర్తు కాదు కాబట్టి జాతినామమే పనికి వచ్చిందని ఊహించవచ్చు. 'కుంఫిణీ' ఒక్కరికే చెందిన పేరు కావాలంటే ముందు ఆ ఒక్కరే మిగలాలి.

ఆ పరిణామం పద్దెనిమిదో శతాబ్ది రెండో అర్ధంలో జరిగింది. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల చేత చిక్కింది. ఉత్తర సర్కారులకు 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం లభించాయి. 1788లో గుంటూరు సర్కారు, 1800లో దత్తమండలాలు చేరాయి. 1802లో సర్కారు జిల్లాలలో శాశ్వత శిస్తు పద్ధతి ప్రవేశించింది. నేత నేసిన గుడ్డ కొనేవారు, దున్నిన భూమికి శిస్తు వసూలు చేసేవారు ఒక్కరే అయ్యారు. అప్పుడు 'కుంఫిణీ' తెలుగు రైతుకు, నేతగానికి, కరణానికి నిత్యవ్యవహారపదమైంది. తోడుకూ భాగస్వామ్యానికీ చిహ్నమైన పొత్తు ఈ సంబంధాన్ని తెలపజాలదు. ఇక్కడ ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు సమానులు కారు. అనువాదం జరగక పదం పదంగానే మిగలడానికి నాకు తోచిన కారణం ఇది.

కుంఫిణీ: ధ్వనిరూపం

'కుంఫిణీ', 'కుంపిణీ', 'కుంఫినీ' అని ఈ పదం పలురకాల వ్రాతలో కనిపిస్తుంది. ఆంగ్లోచ్చారణలోని మొదటి అచ్చు తెలుగులో అకారానికి దగ్గర. నేటి 'కంపెనీ'లో అదే నిలిచింది. మరి పాత రూపంలో ఉకారం ఎక్కడిది?

తమిళంలో 'కుంబిని', కన్నడంలో 'కుంపణి' అనే రూపాలు ఉన్నాయి. మూడు భాషల్లోనూ ఆది అచ్చు ఉకారమే. దీనికి పోర్చుగీసు ఒక సమాధానం ఇస్తుంది. ఆ భాషలో ఇదే పదానికి రూపం 'కొంపాఞియా' అని వ్రాతలో కనిపించినా, ఊనిక లేని ఒకారం నోటిలో ఉకారానికి చేరుతుంది. చివరి హల్లు మన ఞకారం వంటి అనునాసికం. పదిహేడో శతాబ్దిలో తీరప్రాంత వ్యాపారభాష పోర్చుగీసే. 1698 నాటి ఆంగ్ల రాజపత్రం తమ మతగురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని నిర్దేశించింది. మేస్త్రీ, ఇస్త్రీ, అలమారా, బొత్తాము వంటి మాటలు తెలుగులోకి వచ్చిన దారి అదే. కనుక 'కుంఫిణీ' ఆంగ్లేయులను సూచించినా ఆంగ్లేయుల నోటి నుంచి నేరుగా రాలేదనీ, దుబాసీల పోర్చుగీసు ద్వారా వచ్చి ఉండవచ్చుననీ అనుకోవడానికి ఆధారం ఉంది. ఇది ఊహయే అయినా మూడు భాషల్లోని ఉకారాన్ని ఒకేసారి వివరిస్తుంది.

పదమధ్యంలో ఇకారం మాత్రం తెలుగు స్వభావానికి అనుగుణమైనదే. చివర ఇకారం ఉన్నప్పుడు మధ్యాచ్చు దానికి అనుగుణంగా మారడం తెలుగులో ప్రసిద్ధమైన స్వరసమత. 'మనిషి' ఏకవచనంలో ఇకారం, 'మనుషులు' బహువచనంలో ఉకారం ఆ సూత్రానికి ఉదాహరణలు. పకారం స్థానంలో ఫకారం పండితలేఖన ప్రభావం కావచ్చు. మొత్తంమీద 'కుంఫిణీ' తెలుగు నోట నలిగి తెలుగుపదమైన రూపం. 'కంపెనీ' ఆంగ్లవిద్య ద్వారా కంటితో చదివి స్వీకరించిన రూపం.

కుంఫిణీవారు: వ్యాకరణసాక్ష్యం

ఈ రెండు రూపాల భేదం ఉచ్చారణతో ఆగదు. వ్యాకరణప్రవర్తనలో అది మరింత స్పష్టం.

మొదటిది, గౌరవసూచకం. కుంఫిణీ తరచు 'వారు'తో కలిసి వస్తుంది. కుంఫిణీవారు నిర్ణయించారు, కుంఫిణీవారి కొలువు, కుంఫిణీవారి రాజ్యం. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో పాలకులను ఇలాగే ప్రస్తావిస్తాడు. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. ఆంగ్లవ్యవస్థ తెలియనివాడు కాదు. ఆ గ్రంథం 1838లో అచ్చయింది. అప్పటికి కంపెనీ చేతిలో వ్యాపారమే లేదు. భారతవర్తకంలో గుత్తాధికారం 1813లో పోగా, 1833 చట్టంతో వర్తకం పూర్తిగా ఆగిపోయింది. అయినా పేరు మారలేదు. అంటే ఆయన పాఠకులకు కుంఫిణీ అన్న మాట వర్తకసంస్థ అనే అర్థాన్ని కాక ప్రభుత్వం అనే అర్థాన్నే స్ఫురింపజేసింది.

ఈ 'వారు' కంపెనీలో పనిచేసే మనుషులను చెప్పే బహువచనం కాదు. సర్కారువారు, దేవస్థానంవారు అన్నప్పటి వంటి గౌరవవాచకం. నేడు 'కంపెనీవాళ్లు ఒప్పుకోలేదు' అంటే అందులోని ఉద్యోగులు ఒప్పుకోలేదని అర్థం. సంస్థనే కర్తగా చెప్పేటప్పుడు 'కంపెనీ ప్రకటించింది' అంటాం. క్రియ అమహద్రూపం పొందుతుంది. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధపు వ్యాపారప్రకటనల భాషలో 'కంపెనీవారు' అనే మర్యాదవాడుక ఉన్నమాట నిజమే. కాబట్టి ఈ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు. కాని దిశ మాత్రం ఒకటే. ఆంగ్లచట్టం కంపెనీకి వ్యక్తిత్వాన్ని స్థిరపరుస్తున్న కాలంలోనే తెలుగు వ్యాకరణం దాన్ని మహత్తు నుంచి అమహత్తుకు దించుతూ వచ్చింది.

రెండోది, వచనం. 'కంపెనీలు' అనడం సహజం. 'కుంఫిణీలు' అంటే చెవికి అతకదు. కుంఫిణీ సంజ్ఞావాచకం. అది ఒక్కటే. ఆంగ్లంలో సామాన్యనామమైన పదం తెలుగులో మొదట విశేషనామంగా అడుగుపెట్టి, తరువాతి రాకలో మాత్రమే సామాన్యనామమైంది. ఇండోనేషియాలోనూ ఇదే జరిగింది. అక్కడ 'కొంపెని' అంటే డచ్చి ఈస్టిండియా కంపెనీ, దాని వెనుక వచ్చిన డచ్చి అధికారం. సైనికదళానికి 'కొంపి' అనే వేరే రూపం ఉంది. వర్తకసంస్థలు ఏలిన నేలల్లో ఈ పదం ఇలా చీలడం ఒక్క తెలుగు ప్రత్యేకత కాదని దీనివల్ల తెలుస్తుంది.

మూడోది, సమాసశక్తి. కుంఫిణీతో కలిసేవి దొరతనం, కొలువు, సిపాయి, రూపాయి వంటి అధికారచిహ్నాలు. కంపెనీతో కలిసేవి సరుకు, వాటా, ఉద్యోగం, క్వార్టర్ వంటివి. ఈ సందర్భంలో ఒక విశేషం. కంపెనీ సైన్యంలోని సిపాయిలకు ఉత్తరభారతంలో 'తిలంగా'లనే పేరు వచ్చింది. తొలి సిపాయిలలో తెలుగుదేశం నుంచి వెళ్లినవారు ఉండడం దానికి కారణం. వారి పటాలాలు తిరిగి కంపెనీలనే చిన్నదళాలుగా విభజితమై ఉండేవి. పెద్ద కంపెనీకి లోపల చిన్న కంపెనీలు ఉండడం ఆంగ్లభాషలో గజిబిజి కాదు. తెలుగు మాత్రం పెద్దదానికి కుంఫిణీ అనే ప్రత్యేకరూపం ఉంచుకొన్నది.

రెండో రాక

1858లో పాలన రాణి చేతికి మారింది. 1874 జూన్ 1న ఈస్టిండియా కంపెనీ చట్టపరంగా కూడా అంతరించింది. పాలకులను చెప్పడానికి సర్కారు, దొరతనం వంటి మాటలు ఉండనే ఉన్నాయి. ఆ విధంగా 'కుంఫిణీ' జ్ఞాపకాలకూ కథలకూ పరిమితమైంది.

ఆ మాట వెనక్కు తగ్గుతున్న కాలంలోనే కొత్త కంపెనీలు వస్తున్నాయి. భారతదేశంలో కంపెనీల నమోదుకు 1850లో, పరిమిత బాధ్యతకు 1857లో చట్టాలు వచ్చాయి. 1866లో మరింత సమగ్రమైన చట్టం వచ్చింది. 1856లో మద్రాసు రైల్వే కంపెనీ తొలి మార్గం నడిచింది. రాయలసీమలో కర్నూలు-కడప కాలువను 1863-70 మధ్య తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. అది విఫలమై, 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొన్నది. ఒకే ప్రాంతపు రైతు తన జీవితకాలంలోనే మొదట ప్రభుత్వమైన కుంఫిణీని, తరువాత ప్రభుత్వానికి కాలువ అమ్ముకొన్న కంపెనీని చూశాడు. ఏలినవారిని చెప్పిన మాట, నష్టపోయి చేతులెత్తేసిన సంస్థను కూడా చెప్పవలసి వచ్చింది. రెండు రూపాలు వేరుపడడానికి ఇంతకంటె బలమైన సందర్భం ఉండదు.

నిజాం రాజ్యంలో ఈ చరిత్ర వేరు. 1798 సైన్యసహకార ఒప్పందంతో కంపెనీ ఆధిపత్యం అక్కడ వ్యాపించినా ప్రత్యక్షపాలన నిజాముదే. ఆ ప్రాంతపు జనజీవితంలో ఈ పదం బొగ్గుగనుల ద్వారా బలంగా ప్రవేశించింది. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల తవ్వకం హక్కులు దక్కాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఈనాటికీ బొగ్గుగని ప్రాంతంలో విశేషణం లేకుండా 'కంపెనీ' అంటే సింగరేణియే. క్వార్టర్లు, ఆసుపత్రి, బడి అన్నింటి ముందూ ఆ మాటే. సామాన్యనామం మళ్లీ విశేషనామమైంది. ఒక ప్రాంతపు జీవనాన్ని ఒకే సంస్థ ఆవరించినప్పుడు దానికి వేరే పేరు అక్కరలేదు. కోస్తాలో రెండు శతాబ్దాల కిందట జరిగిన పరిణామమే వేరొక రూపంలో ఇక్కడ పునరావృతమైంది.

మరోవైపు నాటకరంగం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన కుటుంబనాటకరంగం కాలక్రమంలో అనేక సురభి కంపెనీలుగా విస్తరించింది. ఆ కాలంలోనే చదువుకొన్న ఔత్సాహికుల బృందాలు 'సభ', 'సమాజం' అనే సంస్కృతపదాలను ఎంచుకొన్నాయి. బళ్లారి సరసవినోదినీ సభ అందుకు ఉదాహరణ. నాటకం వృత్తిగా, జీవనాధారంగా ఉన్నచోట 'కంపెనీ' నిలిచింది. సురభివారి విషయంలో ఈ పదం తన మూలార్థానికి అతిచేరువగా వచ్చిందనాలి. ఒకే కుటుంబంవారు కలిసి ఆడి, కలిసి తిరిగి, కలిసి తినే బృందం అది.

నేటి వాడుక

ప్రస్తుత తెలుగులో 'కంపెనీ'కి కనీసం అయిదు అర్థాలు గుర్తించవచ్చు. ఒకటి, చట్టబద్ధమైన వ్యాపారసంస్థ. రెండు, కర్మాగారం. గుంటూరు, చీరాల ప్రాంతాల్లో పొగాకు కంపెనీకి పనికి వెళ్లడం అంటే ఆకు బాగుచేసే చోటికి వెళ్లడమే. మూడు, నాణ్యతకు గుర్తు. 'ఇది కంపెనీ సరుకు' అంటే నకిలీ కాదని అర్థం. ఆంగ్లంలో ఈ మాటకు ఈ అర్థం లేదు, ఇది మన అంగడివీధుల సృష్టి. నాలుగు, పోలీసు లేదా సైనిక విభాగం. ఎన్నికల వార్తల్లో బలగాలను కంపెనీల లెక్కనే చెబుతారు. అయిదు, తోడు. 'కాస్త కంపెనీ ఇవ్వు' అనే వాడుక భారతీయాంగ్లం ద్వారా వచ్చింది. ప్రయాణంలో, కాఫీ హోటల్లో, మద్యపానంలో కూడా వినిపించే ఈ అర్థం ఛాసర్ నాటిది. ఇంగ్లండులో మొదట పుట్టిన అర్థం తెలుగుకు చివర చేరింది. వీటికి తోడు, ఒక నాయకుణ్ణీ అతని అనుచరులనూ ఎద్దేవా చేయడానికి పత్రికలు వాడే 'అండ్ కో' అనే తోక కూడా ఈ వంశానిదే.

నిఘంటువుకు, పాఠపరిష్కరణకు

ఈ పరిశీలన మన ముందు మూడు పనులను ఉంచుతున్నది. మొదటిది నిఘంటునిర్మాణం. కుంఫిణీని కంపెనీకి వికృతరూపమని ఒక్కమాటలో చెప్పి ఊరుకోవడం చాలదు. రెండింటినీ వేరువేరు ఆరోపాలుగా ఇచ్చి, ఒక్కొక్కదానికి కాలం, లింగవచనాల ప్రవర్తన, అర్థపరిధి చూపి, పరస్పరం సూచించాలి. ఆదానపదానికి మూలభాష పేరు చెప్పడంతో పని ముగియదు. ఏ దారిన, ఏ కాలంలో, ఎవరి నోట వచ్చిందన్నదే దాని చరిత్ర.

రెండోది పాఠపరిష్కరణ. పాతగ్రంథాలను పునర్ముద్రించేటప్పుడు పాఠకుల సౌకర్యం కోసం 'కుంఫిణీవారు చేసిరి' అన్నదాన్ని 'కంపెనీ చేసింది' అని మార్చితే అది వర్ణక్రమం సరిదిద్దడం కాదు. పాలకుణ్ణి తీసివేసి సంస్థను కూర్చోబెట్టడం. రచయిత దృష్టిలో ఎదురుగా నిలిచిన అధికారం మన పాఠంలో ఒక వ్యాపారపు పేరుగా తగ్గిపోతుంది. అధోజ్ఞాపికలో వివరణ ఇవ్వవచ్చు కాని మూలంలో రూపం మార్చరాదు.

మూడోది చరిత్రరచన. పాఠ్యపుస్తకాల్లో 'కంపెనీ పాలన' అని చదివే నేటి విద్యార్థి తనకు తెలిసిన సాఫ్ట్‌వేర్ కంపెనీనో మందుల కంపెనీనో ఊహించుకొంటాడు. ఒక వర్తకసంస్థ దేశాన్ని ఏలిందన్న వింత ఆ మాటలో కొంత తెలుస్తుంది, నిజమే. కాని ఏలబడినవారికి అది వర్తకసంస్థగా కనిపించలేదన్న సత్యం మరుగునపడుతుంది. రెండు దృష్టులూ అవసరమే. అందుకు రెండు మాటలూ అవసరమే.

ఉపసంహారం

ఒక సామాన్యపదం అర్థాలను వరుసగా పేర్చడం నిఘంటువు చేయగల పనే. ఆ అర్థాలలో ఏవి, ఎప్పుడు, ఏ రూపంలో మన భాషలోకి వచ్చాయని అడిగినప్పుడు పదచరిత్ర దేశచరిత్ర అవుతుంది. రొట్టె పంచుకొన్నవారి నుంచి వాటా పంచుకొన్నవారికి, వారి నుంచి శిస్తు వసూలు చేసినవారికి, అక్కడి నుంచి మనుషులతో నిమిత్తం లేని చట్టవ్యక్తికి సాగిన పదం ఇది. ఈ ప్రయాణంలో తెలుగువారు ఎదుర్కొన్న మజిలీకి 'కుంఫిణీ' అని పేరు. 'కుంఫిణీ ఎవరు?' అని అడిగిన విద్యార్థినికి ఆనాడు నేను చెప్పిన జవాబు సగమే. తెలుగువారు గుడ్డ అమ్మి, శిస్తు కట్టి, కొలువు చేసి, తిరగబడి, చివరకు 'వారు' అని పిలిచిన ప్రభువు కుంఫిణీ. దాన్ని 'ఎవరు' అని అడగడమే సరైన వ్యాకరణం, సరైన చరిత్ర.